గూడు అక్కడ, చెరువు ఇక్కడ

మామది మానుకోట. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బైనాక్యులర్ మెడలో వేసుకుని పాకాల, బయ్యారం చెరువు కట్టల మీద తిరగడం ఆయన అలవాటు. మేనకోడలు భూపాలపల్లి దగ్గర సర్కారు హైస్కూల్లో బయాలజీ టీచర్. వానాకాలం మొదట్లో ఆమె క్లాసు గోడ మీద స్కాట్లండ్‌లోని కొరమీను గద్ద గూడు ఇంటర్నెట్ కెమెరాలో ప్రత్యక్షంగా కనిపిస్తుంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆస్‌ప్రే అని ఉండే పక్షి ఇదే. కార్తీకంలో జనగామలో జరిగిన చుట్టాల పెళ్లిలో, బువ్వలు తిన్నాక, ఇద్దరికీ మాట మాట పెరిగింది.

మామ: ఏం కోడలా, మీ స్కాట్లండ్ గద్దల సంసారం ఎందాక వచ్చింది?

కోడలు: ఈ ఏటికి అయిపోయింది మామా. పిల్లలు జూలైలనే ఎగిరినయ్. ఆగస్టుల తల్లి ముందు వెళ్లిపోయింది, తర్వాత పిల్లలు, ఆఖరుకు తండ్రి. ఇప్పుడు తెర మీద ఉత్త పుల్లల గూడే ఉన్నది.

మామ: అక్కడ గూడు ఖాళీ అయితేనే మన దిక్కు పక్షి దిగుతది. పాకాలల మొన్ననే కనపడ్డది. నడినీళ్లల్ల ఎండిన మోడు మీద కూర్చున్నది. తెల్లటి కడుపు, ముక్కు మొదలుకెల్లి కంటి మీదుగ మెడదాక నల్లటి పట్టీ. మీ పిల్లలల్ల ఒక్కరన్న దాన్ని చూసిండ్రా? మీకు గణపసముద్రం పక్కనే ఉన్నది. రామప్ప ఎంత దూరం? కాకతీయులు ఎనిమిది వందల ఏండ్ల కింద కట్టిన చెరువులు. వాటి కట్ట మీద ఒక్క పూట నిలబడని పిల్లలు సముద్రాల అవతలి గూడు చూస్తున్నరంటే నాకు మింగుడుపడ్తలేదు.

కోడలు: చెరువు మీద గద్ద ఏం చేస్తది మామా? మోడు మీద కూర్చుంటది, నీళ్లల్ల దూకుతది, చేప పట్టుకుని మల్ల మోడెక్కుతది. మన దగ్గర గూడు కట్టదు, గుడ్డు పెట్టదు, పిల్లను సాకదు. మనకు ఇక్కడ దొరికేది దాని ఒంటరి బతుకే. సంసారం చూడాలంటే ఆ కెమెరానే తొవ్వ. టైము కూడ కలిసొచ్చింది. మన బడులు జూన్ 12న తెరుస్తరు. అప్పటికి అక్కడ పిల్లలు పుట్టి రెండు మూడు వారాలైతది. మనం ప్రార్థన అయిపోయి క్లాసుల కూర్చునేసరికి అక్కడ అప్పుడప్పుడే తెల్లారి ఉంటది. పిల్లలు ఆకలి మీద అరుస్తుంటయ్. మగది చేపను పట్టి, తలకాయ దిక్కు తను తిని, మిగిలింది గూటికి తెస్తది. ఆడది దాన్ని సన్నగ చీరి ఒక్కో నోట్ల పెడ్తది. ఇది కట్ట మీద నిలబడితే కనపడ్తదా?

మామ: కనపడది. కనపడకుంటే ఏమైంది? చూడనియ్యనిది కూడ ఒకటుండాలె. గూడు అంటే పక్షి పది మందికి దూరంగ కట్టుకున్నది. దాని నెత్తి మీద కెమెరా పెట్టి, పేర్లు పెట్టి, రోజూ ఏడింటికి వచ్చే సీరియల్ తీరు చూస్తున్నరు. ఆడది ఇంకో మగదానితోని కనపడితే బాధపడుడు, మగది లేటయితే తిట్టుడు. గద్దకు తెలుసా ఈ లొల్లి?

కోడలు: సీరియల్‌ల గంటసేపు ఏం జరగకుంటే ఎవలన్న చూస్తరా? ఇక్కడ అట్లనే ఉంటది. తల్లి గుడ్ల మీద కూర్చుంటది. వాన పడ్తది, కూర్చునే ఉంటది. గాలి మళ్లితే తనూ మళ్లి కూర్చుంటది. గుడ్లు మామూలుగ మూడు పెడ్తది, ఒక్కోటి రెండు మూడు రోజుల ఎడంతోని. ఇంచుమించు 37 రోజులు పొదుగుతది. మొదటి గుడ్డుతోనే పొదుగుడు మొదలు గనక పిల్లలు ఒకదాని వెనుక ఒకటి పుడ్తయ్. అందుకే పెద్దదానికీ చిన్నదానికీ అంత తేడా. మా పిల్లలు రీల్స్ వేలితోని జరుపుకుంట పెరిగినోళ్లు మామా. జరిపితే జరగని తెర వాళ్లు ఇదొక్కటే చూసిండ్రు.

మామ: ఓపిక నేర్పిందంటే ఒప్పుకుంట. కానీ ఓపిక లేనోళ్లు కూడ అదే కెమెరా చూస్తున్నరు. అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల వుడ్స్ హోల్ అని పెద్ద సముద్ర పరిశోధన సంస్థ ఉన్నది. వాళ్ల ఆవరణల గూటికి కెమెరా పెట్టిండ్రు. ఒక తల్లి పిల్లలకు సరిగ తిండి పెట్టలే, పైగ పొడిచింది. చూసేటోళ్లు ఊకోలే. పిల్లల్ని దించుండ్రి, మీకు మనసు లేదా అని సంస్థోళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంట ఉత్తరాలు రాసిండ్రు. ఆఖరుకు ఆ కెమెరా బంద్ పెట్టుకున్నరు. కుర్చీల కూర్చుని చూసేటోనికి ఎంత హక్కొచ్చిందో చూడు.

కోడలు: మా క్లాసుల కూడ అసొంటిదే అయింది. ఒక ఏడు చిన్న పిల్ల ఎదగలే. పెద్దది దాని నెత్తి మీద పొడిచేది, అది తల దించుకుని మూలకు పోయేది. పిల్లలు ఏడ్చిండ్రు. మేడం, వాళ్లకు ఫోన్ చేయుండ్రి అన్నరు. నేను ఫోన్ చేయలే. నోట్‌బుక్ తీయుమన్న. మనం చూసే టైమ్‌ల ఎన్ని చేపలొచ్చినయ్, అక్కడ ఎండనా వాననా, గాలి ఎట్లున్నది, అంతే రాయుమన్న. వాన, గాలి ఉన్న రోజు చేప తక్కువొచ్చింది. నీళ్లు కదిలితే పైనుంచి చేప కనపడదు కద. తిండి తక్కువైన రోజే పెద్దది చిన్నదాన్ని పొడిచింది. కడుపు నిండిన రోజు రెండూ పక్క పక్కనే పండుకున్నయ్. పెద్ద పిల్ల చెడ్డది కాదు, గూట్ల చేప లేదు అని పిల్లలే రాసిండ్రు. ఈ మాట నేను బోర్డు మీద రాసి చెప్తే వాళ్లకు ఎక్కేదా?

మామ: లెక్క మంచిదే. ఆ నోట్‌బుక్ ఎవరికి పంపిండ్రు?

కోడలు: ఎవరికి పంపాలె? అక్కడ వాళ్ల వాలంటీర్లు రాత్రింబగళ్లు రాస్తనే ఉంటరు.

మామ: అదే నేనడుగుతున్న. మీరు చూస్తే ఆ గూటికి ఒరిగిందేంది? చూడకుంటే తరిగిందేంది?

కోడలు: తరుగుతది మామా. స్కాట్లండ్‌ల ఈ పక్షి ఇరవయ్యో శతాబ్దం మొదట్లనే లేకుంటబోయింది. గుడ్లు ఏరుకుని అద్దాల పెట్టెలల్ల దాచుకునే పిచ్చి కొందరిది, వేటగాళ్ల తుపాకులు కొన్ని. 1954ల స్కాట్లండ్‌ల లోక్ గార్టెన్ అనే సరస్సు కాడికి ఒక జంట తిరిగొచ్చింది. పక్షుల సంఘం ఆ తావును గుట్టుగ ఉంచింది. 1958ల రాత్రిపూట ఒకడు చెట్టెక్కి గుడ్లు దొంగిలిచ్చిండు. పారిపోతుంటే పగిలినయ్. గూట్ల చూస్తే బూటు పాలిష్ రుద్దిన కోడిగుడ్లున్నయ్. ఆ తర్వాతి ఏడు జార్జ్ వాటర్‌స్టన్ అనే ఆయన ఏం చేసిండు? దాచుడు బంద్ చేసి, రండి చూడుండ్రని అందరినీ పిలిచిండు. దూరంగ ఒక చాటు కట్టి దుర్బిన్లు పెట్టిండు. 1959ల వేలమంది వచ్చిండ్రు. ఆ ఏడు మూడు పిల్లలెగిరినయ్. నలుగురు చూస్తున్నరంటే దొంగ చెయ్యి ఆగుతది. ఇప్పటి కెమెరా ఆ చాటుకు కొనసాగింపే.

మామ: నువ్వు చెప్పిన దాంట్లనే జవాబున్నది బిడ్డా. చెట్టు మొదలుకు ముండ్ల తీగ చుట్టిండ్రు. సంఘపోళ్లు చలిల రాత్రంతా వంతులేసుకుని కాపలున్నరు. కాపాడింది ఆ మనుషులు. 2021ల వేల్స్‌ల లిన్ బ్రెనిగ్ కాడ ఏమైంది? అక్కడ గూటికి కెమెరా ఉన్నది. అయినా ఎవడో రాత్రి మరరంపం తీసుకొచ్చి గూడున్న స్తంభాన్నే కోసి పడేసిండు. గుడ్డు పోయింది. చూసేటోళ్లు పొద్దున లేచి బాధపడ్డరు. కెమెరా సాక్ష్యం చెప్తది, అడ్డం నిలబడదు.

కోడలు: సాక్ష్యం తక్కువదా? తెల్లారేసరికి ఆ ముచ్చట దేశమంతా తెలిసింది. గుట్టుగ ఉంచిన గూడైతే, ఈ ఏడు పక్షి రాలే అనుకుని ఊకునేటోళ్లు. ఇంకోటి చెప్త. మోంటానా రాష్ట్రంల గడ్డిమోపులు కట్టే ప్లాస్టిక్ తాడు ముక్కలను ఈ గద్దలు మెత్తగున్నయని గూట్ల పరుచుకుంటయ్. పిల్లల కాళ్లకు చుట్టుకుని చచ్చిపోతయ్. అక్కడి విశ్వవిద్యాలయపోళ్లు గూళ్లెక్కి తాళ్లు కోసి పిల్లల్ని విడిపిస్తరు. రైతులకు తాడు ముక్కలు చేన్ల విడువకుండ్రి అని చెప్తరు. వానకు చేప దొరకలేదంటే మనం చెయ్యి పెట్టొద్దు. మనం పారేసిన తాడు చుట్టుకుంటే చెయ్యి పెట్టాలె. ఈ రెండిటి నడుమ గీత ఎక్కడ గియ్యాలెనో మా పిల్లలు గూడు చూసుకుంటనే వాదులాడుకున్నరు.

మామ: మంచి గీత గీసినవ్. మరి ఆ గీత మన దగ్గర తంగుసు వల కాడ ఎందుకు గియ్యవ్? చినిగిన తంగుసు ముక్కలు కట్ట పొంటి ఎక్కడ పడితే అక్కడ పడేస్తరు. కొంగ కాలికి చుట్టుకున్నది నేను విప్పిన. అది మోంటానా తాడు కన్న సన్నగుంటది, నీళ్లల్ల కనపడదు. మీ పిల్లలకు మోంటానా తాడు తెలుసు, బయ్యారం తంగుసు తెల్వదు.

కోడలు: ఇది తగిలింది మామా. కాదనను. కానీ మోంటానా తాడు చూసినంకనే కద నీ తంగుసు మాట నాకింత తొందరగ అర్థమైంది?

మామ: సరే, అది నీ దిక్కు రాసుకో. ఇంకో మాట. డీడీటీ పాఠం చెప్తవ్ కద?

కోడలు: చెప్త. పొలం మీద కొట్టిన మందు నీళ్లల్లకు, నీళ్లల్లకెల్లి చేపకు, చేపకెల్లి గద్దకు. గుడ్డు పెంకు పల్చనై తల్లి కూర్చుంటేనే పగిలింది. 1962ల రేచల్ కార్సన్ సైలెంట్ స్ప్రింగ్ పుస్తకం రాసింది. 1972ల అమెరికా డీడీటీని పొలాలల్ల ఆపింది. చెసపీక్ అఖాతం మీద గద్దలు మల్ల వేల జంటలైనయ్.

మామ: ఆ పెంకు పల్చనైందని ఏ కెమెరా చెప్పింది? చెట్లెక్కి గూళ్లు లెక్కపెట్టినోళ్లు, మ్యూజియంల పాత గుడ్లతోని కొలిచి చూసినోళ్లు చెప్పిండ్రు. ఇప్పుడు అదే చెసపీక్‌ల ఏమైతున్నదో తెలుసా? 2023ల వర్జీనియా దిక్కు కొన్ని తావులల్ల పుట్టిన పిల్లలు డీడీటీ కాలం కన్న తక్కువని లెక్కలు తీసిండ్రు. మెన్‌హేడెన్ అనే చేప తక్కువై పిల్లలు ఆకలితోని చస్తున్నయని పరిశోధకులంటున్నరు. చేపల కంపెనీలు ఒప్పుకుంటలేవు. అది కూడ పడవలేసుకుని గూడు గూడుకు తిరిగినోళ్ల లెక్కనే. ఒక్క గూడు చూస్తే ఒక్క ఇంటి కథ తెలుస్తది. వంద గూళ్లు తిరిగితే ఊరి సంగతి తెలుస్తది.

కోడలు: ఒక్క ఇంటి కథ తెలిసినోడే ఊరి సంగతి అడుగుతడు మామా. గూట్ల ఆకలి చూసినోళ్లు లక్షలమంది ఉండబట్టే చెసపీక్ చేప ముచ్చట పేపర్లకెక్కింది. ఉత్త లెక్కైతే ఎవలు చదువుతరు?

మామ: మరి మన లెక్క ఎవలు తీస్తరు? డీడీటీని మన దేశం 1989ల వ్యవసాయానికి ఆపింది, దోమలకు ఉంచింది. పాత వరంగల్ జిల్లా పత్తిచేన్ల మీద కొట్టిన మందులెన్ని? వానకు కొట్టుకొచ్చి చెరువులకే కద చేరేది? మీ పదో తరగతి బయాలజీల ఏదులాబాద్ చెరువు చేపలల్ల లోహాలు పేరుకున్న పాఠం చెప్తవ్. ఆ చేప తినే పక్షి చలికాలమంత ఇక్కడే తింటది. అక్కడ గుడ్డు పెట్టే తల్లి ఒంట్ల మన చెరువు నీళ్లున్నయ్. గుడ్డు మీద కెమెరా ఉన్నది. చెరువు మీద ఏమున్నది?

కోడలు: స్కాట్లండ్ గద్ద మన చెరువుకు రాదు కద మామా.

మామ: ఆ మాట నీ నోటనే రావాల్నని చూసిన. రాదు. స్కాట్లండ్ గద్దలు సెనెగల్, గాంబియా దిక్కు, ఆఫ్రికా పడమటి తీరానికి పోతయ్. మన దిక్కొచ్చేటివి ఆసియా ఉత్తరం నుంచి దిగుతయ్. నువ్వు పేరు పెట్టి పిలిచే పక్షి పాకాల మోడు మీద ఎన్నడూ కూర్చోదు. ఇక్కడ కూర్చునేదాని గూడు నీ తెర మీద ఎన్నడూ కనపడది.

కోడలు: జాతి ఒకటే కద. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలల్ల ఉండే పక్షి. చేప పట్టే తీరు ఒకటే. బయటి వేలు వెనక్కి తిప్పి రెండు ముందు, రెండు వెనుక పెట్టి పడ్తది, అరికాలికి ముండ్లున్నట్టు గరుకుంటది, చేప తలను ముందుకు పెట్టి ఎగుర్తది. ఒక్కదాన్ని తెలుసుకుంటే అన్నిటినీ తెలుసుకున్నట్టే. నేను ఈ జాతి అని చెప్తున్న. ఈ పక్షే మన చెరువుకొస్తదని ఎన్నడూ చెప్పలే.

మామ: బాగ చెప్పినవ్. అయితే ఐలా ముచ్చట కూడ చెప్పు. నువ్వే ఒకసారి నాకు చెప్పినవ్.

కోడలు: లోక్ ఆర్కేగ్ గూటి ఆడది. మగదాని పేరు లూయీ. 2020ల లాక్‌డౌన్‌ల లక్షల మంది ఇండ్లల్ల కూర్చుని ఆ గూడే చూసిండ్రు. మూడు పిల్లల్ని లేపింది. 2021ల లూయీ వచ్చి గూడు సదిరి కూర్చున్నడు. ఐలా రాలే.

మామ: ఎక్కడ పోయింది?

కోడలు: తెల్వదు. తొవ్వలనో, ఆఫ్రికాలనో.

మామ: అంతే. లక్షల కండ్లు దాని గుడ్డును చూసినయ్, చావును ఒక్క కన్ను చూడలే. గూటి కాడ అది ఉండేది ఏడాదికి అయిదు నెలలు. పుట్టిన పిల్ల మొదటి రెండేండ్లు ఉత్తరం మొఖమే చూడది, చలికాలపు తావులనే ఉంటది. అంటే ఆ జాతి బతుకుల పెద్ద భాగం కెమెరా లేని కాడనే గడుస్తది. మన పాకాల, లక్నవరం, గణపసముద్రం అసొంటి తావులే. ప్రేమ ఉన్న కాడ కెమెరా పెట్టిండ్రు. ప్రేమ లేని కాడ పక్షి బతుకుతున్నది.

కోడలు: ఇక్కడ దానికొచ్చిన ఆపదేంది? మన బెస్తోళ్లు, ముదిరాజులు గద్దను కొట్టంగ నేను చూడలే.

మామ: కొట్టరు. చేపల సొసైటోళ్లకు తెలుసు, అది దినానికి తినేది 300, 400 గ్రాములు. చెరువుల బొచ్చ, రవ్వ పిల్లలు సర్కారోళ్లు వదుల్తరు, 2016 నుంచి ఉచితంగనే. కొరమీను రాష్ట్ర చేప అయింది. దాని పేరు పెట్టుకున్న గద్ద సంగతి మాత్రం ఎవలకూ పట్టదు. ఆపద తుపాకితోని రాదు కోడలా. పూడిక తీసిన కొన్ని చెరువులల్ల నడుమనున్న ఎండు మోళ్లు కూడ పీకేసిండ్రు. నీళ్లు నిలిచినయ్, మంచిదే. దేవాదుల ప్రాజెక్టు నీళ్లొచ్చినంక ఈ జనగామ దిక్కు కూడ చెరువులు చలికాలంల నిండుగుంటున్నయ్. చీటకోడూరు పోయి చూడు, ఒకప్పుడు కరువు సీమంటే నమ్మవు. పక్షికి కొత్త తావులైనయ్. కానీ కూర్చుండడానికి మోడు లేకుంటే నీళ్లున్నా ఆ గద్ద ఎక్కువ సేపు ఆగదు. ఎండిన కట్టె ఎవలకు పనికొస్తదని మనం అనుకుంటం. అది దాని మీదనే కూర్చుని తింటది.

కోడలు: అమెరికాల స్తంభం మీద గద్ద గూడు కడితే కరెంటోళ్లు పక్కన ఇంకో స్తంభం పాతి పైన పలక బిగిస్తరు. జర్మనీల ఈ గద్దల్ల శానా మటుకు హైటెన్షన్ టవర్ల మీదనే పెడ్తయ్. మన దగ్గర వానాకాలానికి ముందు కాకి గూళ్లు పీకేసుడే తెలుసు. మోడు ఒక్కటి విడువుమంటే వింటరా? వినిపించాలంటే ముందు చూపెట్టాలె. అందుకే అంటున్న, పాకాల మోడుకు ఒక కెమెరా పెడ్దాం. లేకుంటే ఆసిఫాబాద్ జిల్లాల పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు బయటపడ్డయ్ కద, అక్కడ పెడ్దాం. తెలంగాణ బడులన్నీ చూస్తయ్.

మామ: చూసి, ఆదివారం కార్లేసుకుని గుట్ట కిందికొస్తరు. ఇంత పొడుగు లెన్సులు పట్టుకుని. 1972 వన్యప్రాణి చట్టంల ఈ కొరమీను గద్ద మొదటి షెడ్యూల్‌ల ఉన్నది. గూటిని కదిలిస్తే, గుడ్డును ముట్టుకుంటే అది కూడ వేట కిందికే లెక్క. ఆ సంగతి ఫొటోలు తీసేటోళ్లల్ల ఎందరికి ఎరుక? పాలరాపు గూళ్లు 2013ల బయటపడ్డయ్. రాబందులను చంపింది డైక్లోఫెనాక్, పశువులకు ఆ మందు 2006ల బంద్ చేసిండ్రు. మిగిలిన కొన్నిటికి ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లగాండ్లు కాపల ఉన్నరు. శ్రీకాకుళం దిక్కు తేలినీలాపురం పోయి చూడు. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు చింతచెట్ల మీద, ఇండ్ల నడుమనే గూళ్లు పెడ్తయ్. పేపరోళ్లు వాటిని సైబీరియా కొంగలంటరు. అవి మన దేశపు పక్షులే. ఊరోళ్లు వాటి రాకను శుభమనుకుంటరు, ముట్టనియ్యరు. ఊరే కాపలైతే గూడు ఎందరు చూసినా భయం లేదు. కాపల లేని కాడ చూపుడు మొదలుపెడితే అది దొంగకు తొవ్వ చూపుడే.

కోడలు: ఎస్తోనియాల గూడు చూపెడ్తరు, తావు చెప్పరు. అట్ల చేయొచ్చు. నువ్వు భయపడేది కెమెరాకు కాదు మామా, జనానికి. జనం లేకుంట చెరువును ఎవలు కాపాడుతరు? నీ ఒక్కని వల్ల అయితదా?

మామ: నేను కాపాడ్తున్న అనలే. చూస్తున్న.

కోడలు: ఏం చూసినవో ఎక్కడన్న రాసినవా?

మామ: యాదికున్నది.

కోడలు: ఇందాక నన్ను అడిగినవ్, నోట్‌బుక్ ఎవరికి పంపినవని. ఇప్పుడు నేనడుగుత. పాకాలల ఈ గద్ద మొదటిసారి ఏ ఏడు చూసినవ్? ఏ నెలల దిగుతది, ఏ నెలల పోతది? పూడిక తీసుడుకు ముందు ఎన్ని, తర్వాత ఎన్ని? మోళ్లు పోయినంక గద్ద ఆగదంటున్నవ్, రేపు ఇరిగేషన్ ఆఫీసుల అడిగితే ఏ కాయితం చూపెడ్తవ్? 1987 నుంచి ప్రతి జనవరిల ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతున్నది. ఎవలైనా తమ చెరువు లెక్క ఇయ్యొచ్చు. అందులకు నీ బయ్యారం చెరువు లెక్క ఎన్నడన్న పంపినవా? నా పిల్లలు ఒక వానాకాలంల రాసినంత నువ్వు ఇన్నేండ్లల్ల రాయలే. ఐలా చావును ఎవలూ చూడలేదంటివి. నువ్వు చూసింది కూడ ఎవలకూ చేరలే.

మామ: నీ చదువు ఇట్ల అక్కరకొస్తదనుకోలే.

కోడలు: కోపమొచ్చిందా?

మామ: రాకుంటదా? వచ్చినా మాట మాటే. మోడు పోతుంటే నేను బాధపడ్డ, కాయితం పెట్టలే. కానీ నేను రాసినంత మాత్రాన నీ కెమెరా గొప్పదైపోదు. నీ పిల్లలు తెర మీద లెక్కపెట్టుడు నేర్చుకున్నరు. ఇప్పుడు తెర లేని కాడ లెక్కపెట్టి చూపెట్టుమను. చెరువు మీద పక్షి మధ్యల ఉండది, దగ్గరికి జరగది. ఎండ కంట్ల కొడ్తది. గద్ద ఏదో, గరుడం ఏదో, పిల్లగద్ద ఏదో ఎవలూ కింద పేరు రాసి చూపెట్టరు. సగం పూట కనపడనే కనపడది. కనపడకున్నా రాయాలె. రాలేదని రాసుడు కూడ లెక్కనే.

కోడలు: జనవరి లెక్కకు తొమ్మిదో తరగతిని తోలుకొస్త. బస్సు సంగతి నేను చూసుకుంట. పాకాల అంటే మాకు దూరం, ముందు గణపసముద్రం, వీలైతే రామప్ప. ఎక్కడ నిలబడాలె, ఎండ ఏ దిక్కుంటది, కట్ట మీద ఎంతమందిని నిలబెట్టొచ్చు, అది నువ్వు చెప్పాలె. ఆ లెక్క చేతిల పట్టుకుని మోడు పీకొద్దని మనిద్దరం ఆఫీసుకు పోదాం. జూన్‌ల మాత్రం నా గూడు నాకుంటది, ముందే చెప్తున్న.

మామ: ఉండనీ. అయితే ఆ గూడు చూపెట్టిన మొదటి రోజే చెప్పు, ఇది మన దగ్గరికి రాదు, మనది వేరే తొవ్వల వస్తది, దాని గూడు మనం చూడలేం అని. చూడలేని సగం ఒకటున్నదని తెలువకుంటే చూసిన సగం మీద గర్వమొస్తది.

కోడలు: చెప్త. ఇంకేమన్న షరతులున్నయా?

మామ: ఉన్నయ్. సొసైటోళ్లల్ల ఒక్కలను లెక్కకు పిలువాలె. చెరువు వాళ్లది, వాళ్లు లేకుంట మనం పోయి కొలుచుడు మర్యాద కాదు. రాసినంక కట్ట పొంటి తంగుసు ముక్కలు ఏరి బస్సుల వేసుకుని పోవాలె. ఫోన్లు ఇంటికాడ పెట్టి రావాలె.

కోడలు: ఒక్క ఫోన్ ఉంటది మామా. లెక్క అప్పటికప్పుడు ఎక్కించాలె కద.

మామ: ఎక్కించేది నేనైతే ఉండనీ.